స్పోకు మీద నార్డి అని ఉంటే చాలా? పాత కారు స్టీరింగ్‌కి ధర కట్టే పద్ధతి

అడిగిన విషయం ఇది: పాత సామాన్ల లాట్‌లో మూడు స్పోకుల కర్ర స్టీరింగ్ ఒకటి కనబడింది, స్పోకు మీద నార్డి అని ఉంది. అరుదైనదేనా, ఎంత పెట్టొచ్చు, ఇలాంటివి ఇంకా ఎక్కడ దొరుకుతాయి?

ముందు ఆ పేరును కాసేపు పక్కన పెట్టండి. ఇటలీకి చెందిన ఎన్రికో నార్డి 1950ల తొలి ఏళ్లలో మొదలుపెట్టిన ఆ కర్ర స్టీరింగ్ రూపం ఇప్పటికీ కొత్తగా తయారై అమ్ముడవుతోంది. ఇంగ్లండ్‌లో మోటో-లీటా కంపెనీ కూడా తన పాత నమూనాలు చేస్తూనే ఉంది. ఇటలీ కంపెనీ మోమో అయితే ప్రోటోటిపో అనే తన పాత మోడల్‌ని మళ్లీ పాత రూపంలోనే బజారులోకి తెచ్చింది. అంటే పేరు చూసి ఎవరు చేశారో తెలుస్తుంది గానీ ఎప్పుడు చేశారో తెలియదు. ధరేమో ఆ 'ఎప్పుడు' మీదే ఆధారపడి ఉంటుంది.

కాలం తెలియాలంటే వెనక్కి తిప్పి చూడాలి. అమ్మేవాళ్లు ముందు వైపు ఫొటోలు పది పెడతారు, వెనక వైపుది ఒక్కటీ పెట్టరు. మొదట అడగాల్సింది అదే. 1970లు, 80ల నాటి మోమోల్లో స్పోకు వెనక చిన్న అంకెలతో నెల, సంవత్సరం కొట్టి ఉండటం మామూలు. పక్కనే కేబీఏ అన్న అక్షరాలతో జర్మన్ ఆమోద నంబరు కూడా ఉంటుంది. అరవైల నాటిదని చెప్పి అమ్ముతున్న స్టీరింగ్ వీల్ వెనక 84 అని ఉంటే ఇక మాట్లాడేదేముంది! అలాగే మోమో కథ జాన్‌పియెరో మొరెత్తితో 1964లో మొదలైంది కాబట్టి 'యాభైల నాటి మోమో' అన్నది ఎక్కడా లేదు.

ఇక అక్షరాలను భూతద్దంతో చూడండి. ముద్ర కొట్టి దింపిన అక్షరమైతే దాని అంచున లోహం కాస్త పైకి ఉబికి ఉంటుంది, గోటితో రాస్తే తగులుతుంది. లోతు కూడా ఒక్కో అక్షరానికి కొద్దిగా తేడాగా ఉంటుంది. లేజర్‌తో చెక్కినదైతే లోతంతా ఒకేలా ఉండి, అడుగున సన్నని గీతలు వరసగా, కాస్త నల్లగా కనిపిస్తాయి. అల్యూమినియం స్పోకుల మీద పాత మురికి అక్షరాల మూలల్లో గట్టిపడి ఉండాలి. అక్షరం లోపల తళతళలాడుతూ చుట్టూ స్పోకు మాత్రం మాసిపోయి ఉంటే ఆ పేరు ఈ మధ్య వచ్చి చేరినదే.

అరుగుదల కూడా సాక్ష్యమే. చేతులు పెట్టే చోట, అంటే గడియారంలో పది, రెండు అంకెలు ఉండే చోట్ల, వార్నిష్ ముందుగా పోతుంది. వేళ్లు పట్టే వెనక గాడుల్లో కర్ర నల్లబడుతుంది. ఉంగరం ఒరుసుకున్న సన్నగీతలు సాధారణంగా ఒక వైపే ఉంటాయి. ఉప్పుకాగితంతో 'పాతది' చేసిన వీల్‌లో అరుగుదల చుట్టూతా సమానంగా ఉంటుంది, లేదా ఎవరి చెయ్యీ పడని కింది భాగం కూడా అరిగి ఉంటుంది. చీకటి గదిలో అతినీలలోహిత టార్చి వేసి చూస్తే, తర్వాత పూసిన వార్నిష్, ఎపాక్సీ పూడ్చిన చోట్లు మిగతా కర్ర కంటే వేరే రంగులో మెరుస్తాయి. ఇది ఒక్కటే చూసి తీర్పు చెప్పొద్దు, బాగుచేసింది ఎక్కడో తెలుసుకోవడానికి మాత్రం బాగా పనికొస్తుంది.

ఆ తర్వాత కొలతలు. హబ్‌కి (వీల్‌ని స్టీరింగ్ షాఫ్టుకి కలిపే ముక్క) బిగించే ఆరు బోల్టు రంధ్రాలున్న వీల్ అయితే ఎదురెదురు రంధ్రాల కేంద్రాల మధ్య దూరం వెర్నియర్‌తో తీయండి. మోమోకి అది 70 మి.మీ., నార్డికీ, పర్సనల్ అనే మరో కంపెనీకీ 74 మి.మీ. మధ్యలో ఏదైనా అడ్డొచ్చి కొలవడం కుదరకపోతే పక్కపక్క రంధ్రాల మధ్య కొలిచినా చాలు, మోమోకి 35, నార్డికి 37 వస్తుంది. ఆరు రంధ్రాల వృత్తంలో పక్క రంధ్రం దూరం వ్యాసార్ధంతో సమానం కనుక. ఇక్కడే ఒక పాత పాపం బయటపడుతుంది. 74 హబ్ మీద 70 వీల్‌ని ఎక్కించడానికి రంధ్రాలను ఆకురాయితో రెండేసి మిల్లీమీటర్లు సాగదీసి ఉంటారు. రంధ్రం గుండ్రంగా కాకుండా కోడిగుడ్డులా ఉంటే ఆ వీల్ గోడకు తగిలించుకోవడానికే పనికొస్తుంది. కారుకి బిగిస్తే బోల్టు బిగువు మీద తప్ప నిలవదు. ధరలో పెద్ద కోత పెట్టండి, లేదంటే వదిలేయండి.

కొత్తగా కొనేవాళ్లు ఎక్కువగా మోసపోయేది హబ్ దగ్గర. రిమ్, స్పోకులు చూసి మురిసిపోయి డబ్బు కట్టేస్తారు. తీరా అది కారుకి ఎక్కాలంటే ఆ కారు షాఫ్టుకి సరిపోయే పాత హబ్ కావాలి. షాఫ్టు మందం, దాని మీది పళ్ల సంఖ్య, ఏటవాలు ఉందా లేదా, ఇవన్నీ ఒక్కో కంపెనీకి ఒక్కోలా ఉంటాయి, ఒకే కంపెనీలో ఏడాదిని బట్టి కూడా మారతాయి. తక్కువ సంఖ్యలో తయారైన కార్ల హబ్బులు వీల్ కంటే అరుదు. హబ్, దాని బోల్టులు, రింగు, ఆ కాలం నాటి హారన్ బటన్ అన్నీ కలిసి ఉన్న సెట్టుకి, విడి వీల్‌కి మధ్య తేడా చాలా ఎక్కువ. హారన్ బటన్ పోయిన వీల్‌కి ఇప్పటి బటన్ పెట్టి 'పూర్తి సెట్టు' అని అమ్మడం రోజూ జరిగేదే. బటన్ తీసి వెనక స్ప్రింగు, విద్యుత్ తాకిడి బిళ్ల చూడండి. వాటి మీద తుప్పు, అరుగుదల వీల్ వయసుకి తగ్గట్టు ఉండాలి.

కంపెనీ నుంచే వచ్చిన స్టీరింగ్‌ల లెక్క వేరు. షెవ్రోలే కార్వెట్‌కి 1965, 66ల్లో ఎన్32 అనే ఆప్షన్ కోడ్‌తో టేకు కర్ర స్టీరింగ్ ఇచ్చారు. ఆ ఏళ్ల కార్వెట్‌ని అసలు రూపంలో నిలబెట్టుకోవాలనుకునేవాళ్లకి కావలసింది ఆ అసలుదే. దానికి నకళ్లు కూడా తయారవుతున్నాయి కాబట్టి అసలు, నకలు తేడా చెప్పగలిగినవాడికే మంచి ధర వస్తుంది. నా లెక్కలో విలువ నిర్ణయించేది ఎన్ని మిగిలాయన్నది కాదు, ఎన్ని కార్లు ఆ వీల్ కోసం ఎదురుచూస్తున్నాయన్నది. ఎవరూ బాగుచేయించని కారుది ప్రపంచంలో రెండే మిగిలినా కొనేవాడు ఉండడు. ఇంకో జాగ్రత్త: పాత ట్రాక్టర్, పడవ స్టీరింగ్‌లు చూపుకి కారు వాటిలాగే ఉంటాయి. హబ్ షాఫ్టు రంధ్రం కొలత అడిగితే నిజం తేలిపోతుంది.

కర్ర కాకుండా ప్లాస్టిక్ రిమ్ అయితే పదార్థం ఏదో తెలుసుకోవాలి. 1930ల నుంచి అమెరికన్ కార్ల స్టీరింగ్‌లలో టెనైట్ పేరుతో వచ్చిన సెల్యులోజ్ ఎసిటేట్, బ్యుటిరేట్ బాగా వాడారు. బొటనవేలితో గట్టిగా రుద్ది వాసన చూడండి. వెనిగర్ వాసన వస్తే ఎసిటేట్, ముక్కిపోయిన వెన్న వాసన అయితే బ్యుటిరేట్, కర్పూరం వాసన అయితే సెల్యులాయిడ్. వేడి సూదితో గుచ్చే పరీక్ష మాత్రం చేయొద్దు, సెల్యులాయిడ్ భగ్గున అంటుకుంటుంది. దూరం నుంచే వెనిగర్ కంపు కొట్టే వీల్ కొనకండి. అది లోపల కుళ్లుతోంది, ఆ ఆవిరి పక్కనున్న వీల్స్‌నీ పాడుచేస్తుంది, లోపలి ఉక్కునీ తుప్పు పట్టిస్తుంది. ఇలాంటివాటిని ప్లాస్టిక్ సంచిలో మూటగట్టి దాచడం ఇంకా చేటు, గాలి ఆడాలి.

ఈ రిమ్ములు స్పోకు కలిసే చోటే ఎందుకు పగులుతాయంటే, ప్లాస్టిక్ ఏళ్లు గడిచేకొద్దీ కుంచించుకుపోతుంది, లోపలి ఉక్కు కడ్డీ కుంచించుకోదు. చిన్న పగుళ్లకు భయపడనక్కర్లేదు. పగులును హాక్సా బ్లేడు, మూడు పలకల ఆకురాయితో ఉక్కు కనబడేదాకా 'వి' ఆకారంలో తెరవాలి, పైన 5, 6 మి.మీ. వెడల్పు వచ్చేలా. తుప్పు గీకి, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడవాలి. అసిటోన్ వాడితే రిమ్మే కరిగిపోతుంది. రెండు భాగాల ఎపాక్సీ ముద్దను డబ్బా మీద చెప్పిన పాళ్లలో కలిపి, ఒకటి రెండు మిల్లీమీటర్లు ఎత్తుగా పూడ్చి 24 గంటలు వదలాలి. తర్వాత ఆకురాయి, 80, 180, 320, 400 నంబర్ల ఉప్పుకాగితం, ప్రైమర్, పైన రంగు. పగులు తెరవకుండా పైపైన పూస్తే కొద్ది నెలల్లోనే అదే గీత రంగులోంచి మళ్లీ కనిపిస్తుంది. పాలరాయి చారలున్న రిమ్, వెలుగు చొరబడే రిమ్ అయితే ఈ పని కుదరదు, రంగు వేస్తే దాని అందమే పోతుంది. అచ్చు పోయించాలి, ఆ ఖర్చు కొన్నిసార్లు వీల్ ధరనే మించుతుంది. క్రోమ్ హారన్ రింగు జింకు పోతదై, దాని మీద బుడిపెలు లేచి ఉంటే అదీ అంతే. గుంటలు పూడ్చి మళ్లీ పూత వేయించడం ఖరీదైన పని.

కర్రదానికైతే రెండు పరీక్షలు చాలు. మందపాటి గాజుపలక మీద బోర్లా పెట్టి రిమ్ అంతా ఆనుతోందా చూడండి. తర్వాత స్పోకు దగ్గర రిమ్‌ని రెండు చేతులా పట్టుకుని మెలితిప్పండి. టిక్కుమని చప్పుడు వచ్చినా, కర్రకీ లోహానికీ మధ్య గీత తెరుచుకున్నా జిగురు పోయినట్టే. అలాంటిదాన్ని బిగించుకుని రోడ్డెక్కకూడదు.

ధర లెక్క ఇలా. అమ్మేవాడు అడిగే ధరలు చూడొద్దు, అమ్ముడైపోయిన ధరలే చూడాలి. వేలం జాబితాల ఫలితాల్లోంచి అదే వ్యాసం, అదే స్పోకు రకం, అదే కాలం ఉన్నవి కనీసం మూడు తీసుకోండి, అన్నిటికంటే పైది వదిలేయండి. మిగిలినదాంట్లోంచి హారన్ బటన్, హబ్ లేకపోతే వాటి విడి ధర, బాగుచేయించే ఖర్చు, రవాణా తీసేయండి. బాగుచేయించే పని అనుకున్నదాని కంటే ఎక్కువే అవుతుంది కాబట్టి ఇంకో పదోవంతు తగ్గించుకోండి. పాత వార్నిష్‌తో కాస్త అరిగి ఉన్న అసలు వీల్‌ని కొత్త వార్నిష్ వేసి అమ్మితే ఎక్కువ వస్తుందనుకుంటారు. తెలిసిన కొనుగోలుదారు దగ్గర తక్కువే వస్తుంది.

వెతకడానికి ఇంగ్లండ్‌లో 1967 నుంచి జరుగుతున్న బ్యూలీ ఆటోజంబుల్, అమెరికాలో పెన్సిల్వేనియాలోని హెర్షీ శరత్కాలపు మేళా, పారిస్‌లో రెట్రోమొబీల్, జర్మనీలో ఎస్సెన్ ప్రదర్శన పేరున్నవి. నెట్‌లో అయితే స్టీరింగ్‌కి ఇటాలియన్ 'వొలాంటే' (volante), జర్మన్ 'లెంక్‌రాడ్' (Lenkrad), ఫ్రెంచ్ 'వొలాన్' (volant) మాటలను కొట్టి వెతకండి, ఇంగ్లిష్‌లో ఎప్పటికీ కనబడనివి బయటికొస్తాయి. బ్రాండ్ పేరు రాయకుండా 'పాత కారు సామాన్లు' అని పెట్టిన గుంపు ఫొటోల్లో మూల నక్కి ఉన్నవే చవకగా దొరుకుతాయి. ఒకే మోడల్ కార్ల యజమానుల క్లబ్బుల్లో అడగడం ఇంకా మేలు. అప్పట్లో ఫ్యాన్సీ స్టీరింగ్ వేయించుకున్నవాళ్లు కంపెనీది తీసి అటక మీద పెట్టేసి ఉంటారు.

కారు మీదే ఉన్నది కొంటే తీసేటప్పుడు జాగ్రత్త. బ్యాటరీ తీగ తీసి, షాఫ్టుకీ హబ్‌కీ కలిపి రంగుతో గీత గీసి, నట్టుని మూడు నాలుగు చుట్లు వదులు చేసి అలాగే ఉంచి, పుల్లర్‌తో (మర బిగించి వీల్‌ని బయటికి లాగే పనిముట్టు) లాగండి. నట్టు పూర్తిగా తీసేస్తే వీల్ ఒక్కసారిగా ఊడి మొహానికి తగులుతుంది. సుత్తి వద్దే వద్దు. 1960ల చివరి నుంచి వచ్చిన, ప్రమాదంలో ముడుచుకునే స్టీరింగ్ కాలమ్‌లు (షాఫ్టు ఉండే గొట్టాలు) చాలావాటిలో ప్లాస్టిక్ పిన్నులుంటాయి, ఒక్క దెబ్బకి తెగిపోతాయి.

మీరు చూసిన వీల్ విషయానికొస్తే, అమ్మేవాణ్ణి మూడు ఫొటోలు అడగండి: వెనక వైపు పూర్తిగా, స్కేలు పక్కన పెట్టి బోల్టు రంధ్రాలు, పేరున్న స్పోకు బాగా దగ్గర నుంచి. అవి ఇక్కడ పెడితే ఏ కాలందో, బేరం ఎక్కడ మొదలుపెట్టాలో చెప్పడం కుదురుతుంది. ఫొటోలు పంపడానికి అమ్మేవాడు నసిగితే మాత్రం ఎదురుచూడకండి.