కంపచెట్టు మా కరువు నేలలో అంత పచ్చగా ఎట్లా బతుకుతుంది?

నీళ్లు లేని రాయలసీమకు కంపచెట్టు, అదే సర్కారు తుమ్మ, అంతగా ఎట్లా అలవాటు పడిందని అడిగారు. వేరు లోతుకు పోతుందని అందరూ చెప్తారు. నిజమే. కానీ వేప వేరు కూడా లోతుకే పోతుంది, వేప వచ్చి మా చేలను మింగలేదు కదా! కంప గెలిచింది నీళ్ల దగ్గర కాదు, పశువుల నోటి దగ్గర. ఇది నా గట్టి నమ్మకం.

మాది కడప జిల్లా కమలాపురం పక్క పల్లె. జమైకా నుంచి తెప్పించిన గింజలతో 1877లో ఈ చెట్టును మన దేశంలో మొదట నాటిన చోట్లలో కమలాపురం ఒకటి.

ఒక ఎండాకాలం మా చిన్నాయన చేన్లో గొర్రెల మంద పెట్టించినాడు. రాత్రిపూట మంద పడుకుంటే చేనికి ఎరువు. పగలంతా ఆ గొర్రెలు వంక గట్టున కంపకాయలు ఏరుకు తినేవి. దాని ఆకు మాత్రం ముట్టవు. గడ్డి పరక దొరకని ఎండల్లోనే తియ్యటి కాయ పండి రాలుతుంది, తినక ఏం చేస్తాయి? తొలకరి పడినాక చేనికి పోయి చూస్తే పెంటికలు పడిన చోటల్లా జంట ఆకుల మొలకలు. ఒక పెంటికను గోటితో విప్పినాను. లోపల గోధుమరంగు గింజ పగిలి, తెల్లటి వేరు అప్పుడే మట్టిలోకి దిగింది. "ఇదేందిరా, నారు పోసినట్టుండాదే!" అన్నాడు చిన్నాయన.

ఆ గింజ పెంకు చాలా గట్టిది, ఊరికే నీళ్లు పట్టదు. కడుపులో నానితే మెత్తబడుతుంది, పైగా ఎరువుతో సహా బయటపడుతుంది. గొర్రె నమిలి కొన్ని గింజలనైనా పిండి చేస్తుంది. ఎద్దుల పేడలో ఇంకా ఎక్కువ బతికొస్తాయి. రేగు, బలుసు లేతగా ఉండగానే మేకలు కొరికేస్తాయి. కంప మొలక జోలికి ఏదీ పోదు. ఇంక గుట్టమీద మిగిలేది ఏది?

చెరువుల్లో కంప కొట్టే పనులు చూస్తే నాకు కడుపు మండుతుంది. జేసీబీతో పైపైన గీకి బిల్లు చేసుకొని పోతారు. మొదలు మట్టిలోనే ఉంటుంది, ఒక్క వానకు గుబురుగా చిగురేస్తుంది. బొగ్గుల బట్టీల కోసం నరికేవాళ్లదీ అదే పని. రోడ్డుమీద పోతూ ఆ కంపను చూసి సీమ పచ్చబడిందని ఫొటోలు పెట్టేవాళ్లు ఒకసారి దిగి దాని కింద గడ్డి మొలిచిందేమో చూడాలి.

కొట్టదలుచుకుంటే కాయ పండకముందే, మొదలుతో సహా తవ్వి తీయండి. కాయలు వృథా పోనక్కర్లేదు. ఎండబెట్టి గింజ నలిగేట్టు మరలో పట్టించి దాణాలో కొంచెం కలిపితే పశువులకు మంచి మేతే. మంద పెట్టించే ముందు గొర్రెలు ఎక్కడ మేసొచ్చినాయో కాపరిని అడగండి. కంపలో మేసుంటే కనీసం వారం దినాలు వేరేచోట ఉంచి, కడుపు ఖాళీ అయినాకే మీ చేన్లోకి తోలించుకోండి.