నాలుక తడి ఆరనివ్వకు

బేటా,

అస్సలాము అలైకుమ్.

మొన్న మీ ఇంటి మెట్ల మీద నిలబడి నువ్వన్న మాట ఇంకా నా చెవిలోనే ఉంది. "మామూ, పొద్దున పదకొండుకు బండెక్కితే రాత్రి ఒంటిగంట. నమాజులే ఉరుకుల మీద అవుతున్నాయి. ఇంక జిక్ర్‌కు, అల్లాహ్‌ను తలుచుకోవడానికి టైమ్ ఎక్కడిది?" అన్నావు. ఇంతలో ఫోన్ మోగింది. మెహదీపట్నంలో ఆర్డర్ అంటూ వెళ్లిపోయావు. ముప్పై ఏళ్లు ఈ ఊళ్లో సిటీ బస్సు తోలినవాణ్ని, రోడ్డు మీద బతికే మనిషి అలసట నాకు తెలుసు. అందుకే కాగితం తీశాను.

నీలాంటి ఇబ్బందితోనే ఒకాయన ప్రవక్త (స) దగ్గరికి వచ్చాడు. "ధర్మవిధులు నాకు చాలా ఎక్కువగా ఉన్నాయి, గట్టిగా పట్టుకోవడానికి ఒక్కటి చెప్పండి" అన్నాడు. జవాబు ఒక్క ముక్కే: నీ నాలుకను ఎప్పుడూ అల్లాహ్ స్మరణతో తడిగా ఉండనీ. తిర్మిజీ అనే హదీసుల గ్రంథంలో ఉంది ఈ మాట. నమాజుకు బదులు ఇది చాలని కాదు సుమా. నమాజు వేళ నమాజుదే. నేను చెప్పేది మిగతా పూట సంగతి.

జిక్ర్‌కు వేరే టైమ్ వెతక్కు. నువ్వెలాగూ చేసే పనులకు దాన్ని ముడెయ్యి. హెల్మెట్ క్లిప్పు బిగించేటప్పుడు బిస్మిల్లాహ్. బండి స్టార్ట్ చేసేటప్పుడు సవారీ దుఆ, "సుబ్‌హానల్లజీ సఖ్ఖర లనా హాజా". చిన్నప్పుడు నా భుజం మీద కూర్చుని నేర్చుకున్నావు, మర్చిపోయి ఉండవు. జుఖ్రుఫ్ సూరాలో ఓడల గురించీ పశువుల గురించీ చెప్పిన చోట వస్తుందది. దీన్ని మాకు లొంగదీసి ఇచ్చినవాడు పరిశుద్ధుడు, మా అంతట మేము దీన్ని అదుపు చేయగలవాళ్లం కాము, మేము తిరిగి పోయేది మా ప్రభువు దగ్గరికే అని దాని భావం. అఫ్జల్‌గంజ్‌లో బండి తీసేటప్పుడు ఆ చివరి ముక్క అర్థం తెలిసి అన్న రోజున, ముందున్న ఆటోను గెలవాలనే దురద నా కాలికి సగం తగ్గేది. అర్థం పట్టకుండా గబగబా అన్న రోజున ఏమీ తగ్గేది కాదు.

ఒక సంగతి చెప్తాను, నవ్వకు. ఒక రంజాన్‌లో రోజా ఉండి బస్సు తోలుతూ పెదాలు కదుపుతూనే ఉన్నాను. నయాపూల్ దగ్గర ఒక ముసలమ్మ చేతిలో గంపతో మెల్లగా దిగుతోంది. వెనక హారన్లు. "దిగుతావా, ఇక్కడే కాపురం పెడతావా?" అని అరిచాను. ఆమె తిరిగి ఏమీ అనలేదు, తడబడుతూ దిగిపోయింది. మళ్లీ సుబ్‌హానల్లాహ్ అనబోతే నోరు రాలేదు. ఆ పొద్దంతా నేను తలుచుకున్నది ఎవర్ని? లెక్కను తలుచుకున్నాను, అంతే. అప్పటినుంచి కోపం వచ్చినప్పుడు మాత్రం జిక్ర్ గట్టిగా అనడం అలవాటు చేసుకున్నాను, నా చెవికి వినపడేంత. నీకూ పనికొస్తుంది. మూడో అంతస్తు ఎక్కించి "లేటయింది" అని ముఖాన తలుపేసేవాళ్లు ఉంటారు కదా.

ఇక ఎదురుచూపులు. అసలు నీ ఉద్యోగంలో సగం అదే! హోటల్ ముందు పార్సిల్ కోసం, అపార్ట్‌మెంట్లో లిఫ్ట్ కోసం, సిగ్నల్ దగ్గర పచ్చలైటు కోసం. ఆ ఖాళీలన్నీ ఇప్పుడు ఫోన్లో రీల్స్ తింటున్నాయి. అందులో పావు వంతు అడుగుతున్నాను. తస్బీహ్ పూసలు అక్కర్లేదు, ప్రవక్త (స) కూడా వేళ్ల మీదే లెక్కపెట్టుకునేవారు. వేలి కణుపులు చాలు, అదీ బండి ఆగినప్పుడే. నడిచే బండి మీద నీ ధ్యాస రోడ్డు మీదే ఉండాలి. (పూసలు మణికట్టుకు చుట్టుకుని సెల్ఫీలు దిగే కుర్రాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. పోనీలే, వాళ్ల లెక్క వాళ్లది.)

వాన పడగానే తిట్టుకోకు. టోలీచౌకీలో మోకాళ్లలోతు నీళ్లలో బండి తోసేవాడికి ఈ మాట చెప్పడం తేలికే అంటావు. అయినా "అల్లాహుమ్మ సయ్యిబన్ నాఫిఆ" అను, మేలు చేసే వాన కురిపించమని. తినేటప్పుడు బిస్మిల్లాహ్ మర్చిపోతే మధ్యలో గుర్తొచ్చినప్పుడు "బిస్మిల్లాహి అవ్వలహు వ ఆఖిరహు" అంటే సరిపోతుంది.

రాత్రి పడుకోబోయే ముందు మాత్రం వదలకు. హజ్రత్ ఫాతిమా (ర) తిరగలి విసిరి విసిరి చేతులు కాయలు కాచి, పనికి ఒక మనిషిని అడగడానికి తండ్రి, మన ప్రవక్త (స) దగ్గరికి వెళ్లారు. ఆయన రాత్రి వాళ్లింటికి వచ్చి భార్యాభర్తలిద్దరికీ చెప్పింది ఇదే: పడక మీద 33 సార్లు సుబ్‌హానల్లాహ్, 33 సార్లు అల్‌హందులిల్లాహ్, 34 సార్లు అల్లాహు అక్బర్, పనిమనిషి కంటే మీకిది మేలు అని. ఒళ్లు నొప్పులతో మంచమెక్కే నీకు ఇది ఎంత దగ్గరి మాటో చూడు. నిదానంగా అన్నా ఐదు నిమిషాలు పట్టదు.

ఇవన్నీ రేపే మొదలుపెట్టకు. వారానికే విసుగొస్తుంది, నాకు తెలుసు. కొంచెమైనా విడవకుండా చేసేదే అల్లాహ్‌కు ఎక్కువ ఇష్టమని హదీసు. మన మక్కా మసీదు 1617లో మొదలుపెడితే 1694కు గానీ పూర్తి కాలేదు. ఈ నెల హెల్మెట్ దగ్గర బిస్మిల్లాహ్, రాత్రి పడక మీద ఆ స్మరణ, ఈ రెండే చెయ్యి.

జుమా నాడు నమాజ్ అయ్యాక ఇంటికి రా. నమాజ్ ముగిశాక భూమ్మీద విస్తరించి అల్లాహ్ అనుగ్రహాన్ని వెతుక్కోండి, ఆయన్ను ఎక్కువగా తలుచుకోండి అని జుముఆ సూరాలో ఉంది కాబట్టి నిన్ను డ్యూటీ మానమనను, గంట ఆలస్యంగా లాగిన్ అవ్వు. మీ ముమానీ ఖట్టీ దాల్ చేస్తానంది. నీ హెల్మెట్ క్లిప్పు విరిగిపోయి తాడుతో కట్టుకుంటున్నావని మీ అమ్మ చెప్పింది. కొత్తది కొని అల్మారా మీద పెట్టాను, తీసుకుపో.

నీ మామూ