సెట్ చేసింది 120, చూపిస్తోంది 108... తప్పు కంట్రోలర్‌దేనా?

ప్రశ్న: మా బాయిలర్ బర్నర్ ఫర్నేస్ ఆయిల్‌తో నడుస్తుంది. ఆయిల్‌ను ముందుగా వేడిచేసే ప్రీహీటర్‌ను 120 డిగ్రీలకు సెట్ చేస్తే డిస్‌ప్లేలో ఒకసారి 108, ఇంకోసారి 131 కనిపిస్తోంది. పొగ కూడా వస్తోంది. ఖరీదైన పీఐడీ కంట్రోలర్ (తేడాను బట్టి వేడిని కొద్దికొద్దిగా సర్దేది) కొంటే సరిపోతుందా?

జవాబు: ఆగండి, అప్పుడే డబ్బులు పెట్టకండి. ముందు ఎలక్ట్రీషియన్‌తో ప్యానెల్ తెరిపించి, హీటర్‌కు కరెంటు ఇస్తున్నది కాంటాక్టర్ అనే అయస్కాంత స్విచ్చేమో చూడండి. దానికి పూర్తిగా ఆన్, పూర్తిగా ఆఫ్ తప్ప మధ్యలో ఇంకేమీ తెలియదు, కాబట్టి పైన ఎంత తెలివైన కంట్రోలర్ కూర్చున్నా ఊగిసలాట పూర్తిగా పోదు, పోగొడదామని సెకన్లకోసారి కొట్టిస్తే కాంటాక్టులు త్వరగా కాలిపోతాయి. పీఐడీ పెడితే దానితోపాటు కదిలే కాంటాక్టులు లేని ఎలక్ట్రానిక్ స్విచ్, అంటే ఎస్ఎస్ఆర్ (సాలిడ్ స్టేట్ రిలే) గానీ థైరిస్టర్ గానీ పెట్టాల్సిందే.

తర్వాత సెన్సార్. నా అనుమానమంతా దీని మీదే. హీటర్ అవుట్‌లెట్‌కు దూరంగా ఎక్కడో పైపులో ఉన్నా, దాన్ని దూర్చే గొట్టం (పాకెట్)లో వదులుగా ఉండి చుట్టూ గాలి నిండినా, వేడి సంగతి దానికి ఆలస్యంగా తెలుస్తుంది, ఈలోపు ఆయిల్ సెట్ పాయింట్ దాటిపోతుంది. అది పీటీ100 (వేడిని బట్టి రెసిస్టెన్స్ మారే రకం) అయితే వైరింగ్ కూడా చూడండి. అది 0 డిగ్రీల దగ్గర 100 ఓమ్‌లు, 100 డిగ్రీల దగ్గర 138.5 ఓమ్‌లు చూపిస్తుంది, అంటే రెండు వైర్ల కనెక్షన్‌లో వైర్ల రెసిస్టెన్స్ 0.4 ఓమ్ కలిసినా సుమారు ఒక డిగ్రీ ఎక్కువ చూపిస్తుంది. మూడు వైర్లు వాడితే ఈ గొడవ చాలావరకు ఉండదు. ఆటోట్యూన్ (కంట్రోలర్ తన సెట్టింగులు తానే కుదుర్చుకోవడం) మాత్రం బర్నర్ మామూలు లోడ్‌లో నడుస్తున్నప్పుడే చేయండి, ఆయిల్ కదలకుండా ఉన్నప్పుడు చేసిన ట్యూనింగ్ పనికిరాదు.

అసలు ఆ 120 ఎక్కడిది? బర్నర్‌కు కావాల్సింది డిగ్రీలు కాదు, చిక్కదనం. 50 డిగ్రీల దగ్గర 380 సెంటీస్టోక్స్ (చిక్కదనం కొలత) ఉండే ఆయిల్ 100 డిగ్రీలకు సుమారు 35కి దిగుతుంది, 180 రకమైతే దాదాపు 25కి. నాజిల్‌కు ఎంత కావాలో బర్నర్ మాన్యువల్‌లో ఉంటుంది, కొత్త ఆయిల్ వచ్చినప్పుడల్లా దాని టెస్ట్ రిపోర్ట్ చూసి సెట్ పాయింట్ మార్చుకోండి. చల్లగా ఉంటే తుంపర లావై పొగ, మసి. మరీ వేడెక్కితే ఆయిల్‌లోని నీరు ఆవిరై మంట కొట్టుకుంటుంది, హీటర్ మీద కోక్ (గట్టి కార్బన్ పొర) పేరుకుంటుంది.

వేడి హద్దు దాటితే హీటర్‌ను ఆపే హై లిమిట్ థర్మోస్టాట్ వేరుగా, చేత్తో రీసెట్ చేసేది ఉందా? ఆయిల్ ఆగితే హీటర్ దానంతటదే ఆగిపోతోందా? ఈ రెండూ లేకపోతే మిగతావన్నీ పక్కనపెట్టి ముందు అవి బిగించండి.