ట్యాంకర్ మూత, నిచ్చెన: పాఠకుల ప్రశ్నలకు సమాధానాలు

ప్రశ్న: మా ఆయన వంటనూనె ట్యాంకర్ మీద క్లీనరుగా వెళ్తారు. కృష్ణపట్నంలో పామాయిల్ లోడు చేసి ఇక్కడి మిల్లులకు దింపుతారు. ఖాళీ అయ్యాక లోపలికి దిగి గుడ్డతో తుడవమని ఓనరు గారు చెబుతారట. పెట్రోలు కాదు కదా, వంటనూనేగా, భయమెందుకు అంటారట. నిజంగా భయం లేదా?
— ఒక సోదరి, నల్లపాడు, గుంటూరు

జవాబు: భయం ఉందమ్మా. వంటనూనె కావడం వల్లనే చాలామంది మోసపోతారు కాబట్టి ఈ ప్రశ్నకు కొంచెం వివరంగానే జవాబు చెబుతాను. మనం పీల్చే గాలిలో ప్రాణవాయువు సుమారు 20.9 శాతం ఉంటుంది. అది 19.5 శాతం కన్నా తగ్గిన చోటికి మామూలుగా వెళ్లకూడదని భద్రతా నియమాలు చెబుతాయి. మూత బిగించిన ట్యాంకులో గోడలకు అంటుకున్న నూనె, ఇనుముకు పట్టిన తుప్పు, ఇవి రెండూ నెమ్మదిగా లోపలి ప్రాణవాయువును తీసుకుంటూనే ఉంటాయి. నూనె పాడవకుండా కొన్నిచోట్ల పైన నైట్రోజన్ నింపుతారు. దానికి రంగు లేదు, వాసన లేదు. లోపలికి దిగినవాడికి ఊపిరాడడం లేదన్న సంగతి కూడా తెలియదు. ప్రాణవాయువు బాగా తగ్గిన చోట నాలుగైదు శ్వాసలు తీసుకునేలోపే స్పృహ తప్పవచ్చు. మొలాసిస్ (చక్కెర మిల్లులో మిగిలే పాకం) మోసే ట్యాంకర్లలో అయితే అడుగున మిగిలిన పాకం పులిసి బొగ్గుపులుసు వాయువును వదులుతుంది. అది గాలికన్నా బరువైనది కాబట్టి సరిగ్గా మనిషి నిలబడే చోటే పేరుకుంటుంది.

మన పల్లెల్లో పాడుబడిన బావిలో పూడిక తీసే ముందు లాంతరు దించి, అది ఆరిపోతే ఎవరూ దిగకుండా ఆగేవారు. ఆ పెద్దలకు ఈ ప్రమాదం తెలుసు. కానీ ఆ పద్ధతిని ట్యాంకర్ దగ్గర మాత్రం ఎవరూ పాటించకూడదు. అంతకుముందు ట్రిప్పులో ఆ ట్యాంకు ఏం మోసిందో తెలియనప్పుడు, ఆ దీపమే పేలుడుకు కారణమవుతుంది. గాలిలో పెట్రోలు ఆవిరి ఒకటిన్నర శాతం చేరినా అంటుకుంటుంది. అందుకే గ్యాస్ మీటరుకు గొట్టం తగిలించి, బయటి నుంచే పైన, మధ్యన, అడుగున గాలిని కొలవాలి. మొదట ప్రాణవాయువు, తర్వాత మండే ఆవిరి, ఆ తర్వాత విషవాయువులు, ఇదీ వరుస.

ఇది ఇప్పుడు కొత్తగా పుట్టిన జాగ్రత్త కాదు. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం తన 36వ సెక్షనులోనే ఈ సంగతి చెప్పింది. తగినంత పెద్ద మ్యాన్‌హోల్ గానీ, బయటపడే మరో మార్గం గానీ లేని ట్యాంకులోకి ఎవరినీ పంపకూడదన్నది. గాలిని పరీక్షించి అర్హుడైన వ్యక్తి రాతపూర్వకంగా ధ్రువీకరించాలని, లేదా దిగేవాడికి శ్వాస పరికరంతోపాటు నడుముకు బెల్టు, ఆ బెల్టుకు తాడు ఉండి, తాడు రెండో కొస బయటి మనిషి చేతిలో ఉండాలని నిర్దేశించింది. లోపల వాడే చేతిదీపం 24 వోల్టులు మించకూడదన్న మాట కూడా ఆ చట్టంలోనే ఉండేది.

తాడు సంగతి నేను ఒక్కసారి కళ్లారా చూసి నేర్చుకున్నాను. చాలా ఏళ్ల కిందట విజయవాడ శివార్లలోని ఒక వాషింగ్ షెడ్డులో మేము ఖాళీ ట్యాంకులో అభ్యాసం చేశాము. గాలి పరీక్షించిన ట్యాంకే, దిగినవాడు ఆరోగ్యంగా ఉన్న కుర్రాడే. అతను స్పృహ తప్పినట్టు ఒళ్లంతా వదిలేస్తే, పైనుంచి ఇద్దరం చేతులు పట్టి లాగాము. తల వచ్చింది, భుజాలు మ్యాన్‌హోల్ అంచుకు తట్టుకుని ఆగిపోయాయి. ఎంత లాగినా రాలేదు. బెల్టు కట్టి, మూడు కాళ్ల స్టాండు నుంచి తాడు వేసి నిలువుగా లేపినప్పుడే, భుజాలు ముడుచుకుని మనిషి బయటికి వచ్చాడు. తాడు లేకపోతే పైనున్న మనిషికి రెండే దారులు మిగులుతాయి: చూస్తూ నిలబడడం, లేదా తానూ దిగడం. దిగినవాడూ అక్కడే పడిపోతాడు. ఇలాంటి ప్రమాదాల్లో ఒకరితో ఆగకుండా ఇద్దరు ముగ్గురు పోవడానికి కారణం ఇదే.

కాబట్టి మీ ఆయన గారిని ఇలా అనమనండి: "దిగను, పైనుంచే కడుగుతాను." మ్యాన్‌హోల్ గుండా దించి తిప్పే స్ప్రే గొట్టంతో, వేడినీళ్లతో నూనె ట్యాంకు శుభ్రంగా కడగవచ్చు. అడుగున మిగిలిన దానికి పొడవు కర్ర పొరక చాలు. ఒకవేళ ఎవరైనా లోపల పడిపోయి కనిపిస్తే దిగవద్దు. బ్లోయరు ఉంటే బయటి గాలిని లోపలికి పంపుతూ, వెంటనే 101కీ 108కీ ఫోను చేయాలి. ఓనరు గారు ఇది చదువుతున్నట్టయితే వారికీ ఒక మాట: ఆ గుడ్డతో తుడిచే పని వల్ల మీకు మిగిలేది ఒక గంట సమయం మాత్రమే.

ప్రశ్న: ఆటోనగర్‌లో కొత్త ట్యాంకర్ బాడీ కట్టిస్తున్నాను. నిచ్చెన, మ్యాన్‌హోల్ ఎంత కొలతలో పెట్టించాలి? ఎంత చిన్నవైతే అంత బరువు కలిసివస్తుందని మిస్త్రీ అంటున్నారు.
— ఒక లారీ యజమాని, విజయవాడ

జవాబు: బరువు కోసం మ్యాన్‌హోల్‌ను చిన్నది చేయించకండి. ప్రమాదకర ద్రవాలు మోసే వాహనాలకు అమెరికా రవాణా నిబంధనలు 400 గాలన్లు, అంటే సుమారు 1,500 లీటర్లు దాటిన ప్రతి ట్యాంకుకూ కనీసం 15 అంగుళాల వ్యాసం గల మ్యాన్‌హోల్ ఉండాలంటాయి. అది కనీసం మాత్రమే. పైన చెప్పిన భుజాల సంగతి గుర్తుంచుకుంటే 20 అంగుళాలకు వెళ్లడం మంచిదని నా అభిప్రాయం. మూత రెండు అంచెల్లో తెరుచుకునేది తీసుకోండి. మొదటి అంచెలో కొద్దిగా మాత్రమే లేచి ఆగి, లోపలి ఒత్తిడి బుస్సుమని పోయాకే పూర్తిగా తెరుచుకోవాలి. లోపల ఒత్తిడి ఉండగా మూత ఒక్కసారిగా తెరుచుకోకుండా ఆపే ఏర్పాటు ఉండాలని అవే నిబంధనలు చెబుతాయి. మూతల చుట్టూ వాటికన్నా ఎత్తుగా ఇనుప కట్ట ఉంటే, లారీ బోల్తా పడినా మూతలు నేలకు గుద్దుకోవు.

నిచ్చెన విషయంలో మన మిస్త్రీలు తరచూ చేసే తప్పు ఒకటుంది. మెట్టును ట్యాంకు రేకుకు అంటించినట్టు పెడతారు. అప్పుడు కాలి మునివేళ్లే ఆనుతాయి, పాదం ఆనదు. భవనాలకూ యంత్రాలకూ శాశ్వతంగా బిగించే నిచ్చెనలకు అమెరికా కార్మిక భద్రతా నిబంధనల్లో మెట్టు వెనుక కనీసం 7 అంగుళాల ఖాళీ, మెట్టుకూ మెట్టుకూ మధ్య 10 నుంచి 14 అంగుళాల ఎడం, కనీసం 16 అంగుళాల వెడల్పు అడుగుతారు. ఆ కొలతలు మీ మిస్త్రీకి చెప్పండి. ఎడం అన్ని మెట్లకూ సమానంగా ఉండాలి, ఎందుకంటే చీకట్లో దిగేవాడి కాలు పై మెట్టు కొలతనే నమ్ముకుని కింద మెట్టును వెతుక్కుంటుంది. పట్టుకునే కమ్మీలు నిచ్చెనతో ఆగిపోకుండా ట్యాంకు పైవరకూ సాగాలి. ప్రమాదమంతా నిచ్చెన మీద నుంచి పైకి అడుగు మార్చే ఆ క్షణంలోనే ఉంది. నడిచే దారికి గళ్ల రేకు, కింద నుంచే లివరుతో లేచి నిలబడే మడత రెయిలింగు పెట్టించండి. రెయిలింగు లేచి ఉండగా బండి కదలకుండా దాన్ని బ్రేకుతో ముడిపెడితే ఇంకా మంచిది.

ఒక్కటి మాత్రం మరువకండి. కొన్నాళ్లు తిరిగాక మెట్టు విరిగితే, నేరుగా వెల్డింగుకు ఇవ్వవద్దు. డీజిలు మోసిన ఖాళీ ట్యాంకు నిండు ట్యాంకు కన్నా ప్రమాదం. కడిగి, ఆవిరి పోగొట్టి, గ్యాస్ లేదన్న ధ్రువపత్రం చేతికి వచ్చాకే వెల్డింగు టార్చి వెలిగించాలి.

ప్రశ్న: పెట్రోలు బంకులో పనిచేస్తాను. కొండపల్లి నుంచి ట్యాంకర్ రాగానే పైకెక్కి డిప్ చూడాలి, అంటే రాడ్డు దించి లోపల ఎంత ఉందో కొలవాలి. వానలో రెండుసార్లు జారాను. ఏం జాగ్రత్త తీసుకోవాలి?
— ఒక పాఠకుడు, ఇబ్రహీంపట్నం

జవాబు: హవాయి చెప్పులు వదిలేసి, డీజిలు తగిలినా జారని అడుగు ఉన్న బూట్లు వేసుకోండి. ఎక్కేటప్పుడూ దిగేటప్పుడూ ముఖం నిచ్చెన వైపే ఉండాలి. రెండు చేతులు, ఒక కాలు గానీ, రెండు కాళ్లు, ఒక చేయి గానీ ఎప్పుడూ ఆనించి ఉండాలి. అంటే డిప్ రాడ్డు చేత్తో పట్టుకుని ఎక్కడం కుదరదు. మీరు పైకి చేరాక కింద నుంచి అందించమనండి. రాడ్డు నిలువుగా ఎత్తే ముందు తల పైకెత్తి కరెంటు తీగలు ఉన్నాయేమో చూడండి. ట్యాంకు మీద నిలబడ్డ మనిషి చేతిలోని రాడ్డు ఎంత పైకి వెళ్తుందో కింద నుంచి అంచనా అందదు. లారీ వచ్చి ఆగాక లోపలి పెట్రోలు కుదుటపడే వరకు కాసేపు ఆగి, గాలి వీపు వైపు నుంచి వచ్చేలా నిలబడి, ముఖం పక్కకు తిప్పి మూత తెరవండి. నైలాన్ బట్టలు వద్దు, నూలువే వేసుకోండి. ఫోను కిందే వదలండి. జోరు వాన, ఉరుములు ఉంటే ఆ పని ఆపి వేచి ఉండడం మీ హక్కు.

ప్రశ్న: మాది పాల ట్యాంకర్. వేడినీళ్లతో కడిగి మూత బిగించి వెంటనే చన్నీళ్లు పెట్టాము. ట్యాంకు పక్కలు లోపలికి నొక్కుకుపోయాయి. రేకు నాసిరకమా?
— ఒక డ్రైవరు, తెనాలి

జవాబు: రేకు తప్పు కాకపోవచ్చు. వేడికి లోపల నిండిన ఆవిరి చన్నీళ్లు తగలగానే నీరైపోయి, ఆ చోటంతా ఖాళీ అవుతుంది. బయటి గాలి చదరపు మీటరుకు సుమారు 10 టన్నుల బరువుతో నొక్కగలదు. పాల ట్యాంకు అంత ఒత్తిడికి కట్టినది కాదు. కడిగినంత సేపూ మూత తెరిచే ఉంచండి. గాలి గొట్టం దగ్గర ఎండిన పాలు పేరుకుని రబ్బరు గాస్కెట్ అతుక్కుపోయిందేమో ప్రతి కడుగుడుకూ ముందు వేలితో తాకి చూడండి. తెరిచిన మూత మీదికి వంగకండి, కడగడానికి వాడే కాస్టిక్ సోడా తుంపర కళ్లలో పడుతుంది.