ఫెలోషిప్‌ను జీతంలా లెక్కేసి లోన్ తీసుకోవద్దు

ప్రశ్న: జాతీయ ఎస్సీ ఫెలోషిప్‌తో పీహెచ్‌డీ రెండో ఏడాది చదువుతున్నాను. ఆరు నెలలు డబ్బు రాక క్రెడిట్ కార్డు మీద 48 వేలు, ఒక లోన్ యాప్‌లో 35 వేలు అప్పయింది. ఇప్పుడు పాత బకాయి 2.22 లక్షలు ఒకేసారి ఖాతాలో పడ్డాయి. ఇందులో లక్షన్నర మ్యూచువల్ ఫండ్‌లో పెట్టి, కార్డుకు మినిమమ్ కడుతూ పోదామనుకుంటున్నాను. వచ్చే ఏడాది నుంచి నెలకు 42 వేలు వస్తాయి కదా అని, ఊళ్లో ఇంటికి స్లాబు వేయడానికి 3 లక్షల పర్సనల్ లోన్‌కు అప్లై చేశాను. రూముకు, మెస్సుకు 12 వేలు, ఇంటికి 8 వేలు, బైక్ ఈఎంఐకి 4,800 పోతాయి. నా ప్లాన్ సరైనదేనా?

జవాబు: ముందు ఆ పర్సనల్ లోన్ దరఖాస్తు వెనక్కి తీసుకోండి. మిగతాది తర్వాత.

ఫెలోషిప్‌ను జీతం అనుకోవడం చాలామంది పరిశోధక విద్యార్థులు చేసే పొరపాటే. నెలకు 37,000 మంజూరైన మాట నిజం. అది నెలనెలా ఒకటో తేదీన పడుతుందని మాత్రం ఎవరూ హామీ ఇవ్వలేదు. గైడ్ సంతకం, మీరు పరిశోధన కొనసాగిస్తున్నారని విశ్వవిద్యాలయం పంపే కన్ఫర్మేషన్, పైనుంచి నిధుల విడుదల... ఎక్కడ ఆగినా డబ్బు ఆగుతుంది. ఈఎంఐ ఆగదు. మైనారిటీ విద్యార్థులకిచ్చే మౌలానా ఆజాద్ ఫెలోషిప్‌ను 2022-23 నుంచి కొత్తవారికి ఆపేశారు. అప్పటికే తీసుకుంటున్నవారు కూడా నెలల తరబడి ఎదురుచూడాల్సి వచ్చింది.

కాస్త ఉన్న ఇంటి పిల్లలైతే అలాంటప్పుడు నాన్నకు ఫోన్ చేస్తారు. మీ ఇంట్లో మీరు పంపే 8 వేల కోసం వాళ్లే ఎదురుచూస్తుంటారు. అందుకే అత్యవసర నిధి అందరికంటే మీకే ఎక్కువ అవసరం.

వచ్చిన డబ్బులోంచి కార్డు, యాప్ అప్పులు 83 వేలు ఈ వారమే పూర్తిగా తీర్చేయండి. ఏడాదికి 40 శాతం దాకా వడ్డీ పడే కార్డు బాకీని అలాగే ఉంచి ఫండ్‌లో పెట్టుబడి పెడతానంటే నేను ఒప్పుకోను. ఏ ఫండూ ఏటా అంత రాబడి ఇస్తానని మాటివ్వదు. యాప్ వాళ్ల నుంచి బాకీ లేదని లెటర్ తీసుకున్నాకే దాన్ని ఫోన్‌లోంచి తీసేయండి. మళ్లీ దాని జోలికి వెళ్లకండి.

మిగిలే 1,39,000 మీ అత్యవసర నిధి. నెలకు మీకు తప్పని ఖర్చు 24,800. అంటే ఐదున్నర నెలలకు వస్తుంది. ఆరు నెలలు డబ్బు రాని అనుభవం ఉన్న మీకు అది చాలదు. తొమ్మిది నెలల ఖర్చు, అంటే సుమారు 2.23 లక్షలు, ఉండాలి. ఫెలోషిప్ సక్రమంగా వస్తే నెలకు 12,200 మిగులుతాయి. ఏడు నెలల్లో ఆ లోటు పూడిపోతుంది. ఈ డబ్బును వేరే సేవింగ్స్ ఖాతాలో ఉంచండి, సగం ఎఫ్‌డీ చేయండి. ఆ ఖాతాను యూపీఐకి లింక్ చేయకండి. లింక్ చేస్తే స్నేహితుడి పుట్టినరోజుకో, కొత్త ఫోన్‌కో కరిగిపోతుంది.

42 వేల లెక్క కూడా ఇప్పుడే వేసుకోకండి. రెండేళ్లయ్యాక మీ పరిశోధనను మదింపు చేసి, ఆ 42 వేలు ఇచ్చే సీనియర్ రీసెర్చ్ ఫెలోషిప్ (ఎస్‌ఆర్‌ఎఫ్)కు మారుస్తారు. ఆ కాగితాలు కదలడానికీ టైమ్ పడుతుంది. పైగా ఐదేళ్లు నిండినా, అంతకంటే ముందే థీసిస్ సమర్పించినా ఫెలోషిప్ ఆగిపోతుంది. వైవాకూ (థీసిస్ మీద జరిగే మౌఖిక పరీక్షకూ) ఉద్యోగానికీ మధ్య ఎన్ని నెలలు ఖాళీగా ఉండాలో ఎవరూ చెప్పలేరు. అప్పుడు కూడా తిండి పెట్టేది ఈ నిధే.

ఫండ్‌లో నెలనెలా కొంత పెట్టే సిప్ సంగతి నిధి నిండాక చూద్దాం, మూడు వేలతో మొదలుపెట్టినా చాలు. చీటీలు వద్దు. ఇల్లు మీ మీదే ఆధారపడింది కాబట్టి బ్యాంకులో ఏడాదికి 436 రూపాయల జీవన్ జ్యోతి జీవిత బీమా, 20 రూపాయల సురక్షా ప్రమాద బీమా వెంటనే తీసుకోండి. స్లాబు పని బైక్ లోన్ తీరేదాకా ఆపండి. వానకు ఇల్లు కారుతుంటే ఇప్పటికి మరమ్మతు వరకే చేయించండి.

ఈ నెల కన్ఫర్మేషన్ వెళ్లిందో లేదో రేపే డిపార్ట్‌మెంట్ ఆఫీసులో అడగండి. మీ ఆధార్ ఏ ఖాతాకు లింక్ అయి ఉందో బ్యాంకులో ఒకసారి చెక్ చేయించుకోండి.