పీసాలో టవర్ ఒక్కటే చూసి వచ్చేయకు

చి. అమ్మాయికి పెదనాన్న ఆశీస్సులు.

ఇటలీలో పీసా వెళ్తున్నావని మీ నాన్న చెప్పాడు. చాలామంది అక్కడ రైలు దిగి, బస్సెక్కి ఆ ఒరిగిన టవర్ దగ్గరికి పోయి, దాన్ని చేత్తో ఆపుతున్నట్టు ఫోటో దిగి, మళ్లీ ఫ్లోరెన్స్ రైలెక్కేస్తారు. నువ్వలా చేయకమ్మా. స్టేషన్ నుంచి టవర్ దాకా నడువు. దారిలో ఆర్నో నది వస్తుంది. పీసాని ఒకప్పుడు ఓడల రాజ్యంగా నిలబెట్టింది ఆ నదే.

కోర్సో ఇటాలియా వీధి పట్టుకుని పోతే పోంటే ది మెత్సో వంతెన వస్తుంది. అప్పుడే దాటేయకు. ఎడమకి తిరిగి గట్టు వెంట నడిస్తే శాంటా మరియా దెల్లా స్పీనా అనే బుల్లి చర్చి కనిపిస్తుంది. వరదనీటి బాధ తప్పించడానికి 1871లో దాన్ని విప్పి, ఇంకాస్త ఎత్తులో మళ్లీ కట్టారు. తలుపు మూసున్నా ఫర్వాలేదు, పాలరాతి శిఖరాలూ విగ్రహాలూ అన్నీ బయటే ఉంటాయి. తీరిగ్గా చుట్టూ తిరుగు. నాకైతే టవర్ కన్నా ఇదే ఎక్కువ ఇష్టం.

వెనక్కొచ్చి వంతెన దాటితే బోర్గో స్ట్రెట్టో అనే వీధి. కమానుల కింద నీడలో హాయిగా నడవొచ్చు.

టవర్ దగ్గర ఫోటో కన్నా ముందు దాని ఒంపు చూడు. 1173లో మొదలుపెట్టారు. నేల మెత్తన కావడంతో మూడో అంతస్తుకే ఒరిగింది. యుద్ధాల వల్ల దాదాపు వందేళ్లు పని ఆగిపోయింది. ఆ విరామంలో మట్టి గట్టిపడబట్టే అది నిలబడింది. తర్వాత మేస్త్రీలు వంపు సరిచేస్తూ పై అంతస్తులు కట్టారు, అందుకే అరటిపండులా కొద్దిగా వంగి ఉంటుంది. 1990లో మూసేసి, ఉత్తరం వైపు పునాది కింద మట్టి కొద్దికొద్దిగా తీసి, 2001లో మళ్లీ తెరిచారు. ఎక్కాలనుకుంటే టైమ్ చూసుకుని ముందే టికెట్ తీసుకో. బ్యాగులు లోపలికి రానివ్వరు. మెట్లు అరిగి జారుతుంటాయి, మంచి బూట్లు వేసుకో.

సాయంత్రం మళ్లీ నది దగ్గరికి రా. వంతెన మీద పడమటి వైపు నిలబడితే, ఎండ రెండు గట్ల మీది పసుపు రంగు మేడల మీద పడుతుంది. ఏటా జూన్ 16 రాత్రి లుమినారా పండగకి ఆ మేడల కిటికీల చుట్టూ వేలాది దీపాలు వెలిగిస్తారు. నీ ప్రయాణం ఆ తేదీకి జరుపుకోగలిగితే తప్పకుండా జరుపుకో. గది మాత్రం ముందే బుక్ చేసుకో, ఆ రోజు ఊరంతా జనమే.

మీ పెదనాన్న