వెనకవైపు కూడా చూడు, చిన్నీ

చిన్నీ,

నిన్న రాత్రి మీ నాన్న ఫోన్ చేశాడు. ఆర్డీవోగా చేరి ఏడాది కూడా తిరగలేదు, అప్పుడే నీకు మెజిస్టీరియల్ విచారణ అప్పగించారట, పోలీసు కాల్పుల్లో ఒకతను చనిపోయిన కేసట. చెబుతుంటే వాడి గొంతులో గర్వం వినిపించింది. నాకూ సంతోషమేసింది. మన ఇంట్లో ఎమ్మార్వో దాటి ఎదిగిన మొదటిదానివి నువ్వే. ఆ తర్వాత వాడు ఇంకో మాట అన్నాడు. "పదిహేను రోజుల్లో ముగించేస్తానంటోంది అన్నా, ఫైలంతా పోలీసులే రెడీ చేసి పెట్టారట." ఆ మాట విన్నాక నాకు నిద్ర పట్టలేదు. నాలుగింటికే లేచి కూర్చున్నాను. ఫోన్లో చెబితే "సరే పెదనాన్నా" అని పెట్టేస్తావు. అందుకే రాస్తున్నాను.

నీకు తెలిసిన సంగతులు ఒక్క ముక్కలో చెప్పేస్తాను. విచారణ ఫలానా రోజు, ఫలానా చోట అని పేపర్లో ప్రకటన వేయించు, ఊళ్లో దండోరా కూడా వేయించు. నీ ఆఫీసులో కాకుండా ఆ ఊరి పంచాయతీ ఆఫీసులోనో బడిలోనో కూర్చో. సాక్షులు మాట్లాడేటప్పుడు మఫ్టీలో ఉన్నవాళ్లు సహా పోలీసులెవరూ చుట్టుపక్కల ఉండకూడదు. చెప్పింది చెప్పినట్టు రాయించి, చదివి వినిపించి, అప్పుడు సంతకం తీసుకో.

వీటన్నిటికంటే ముందు చూసుకోవాల్సింది ఒకటుంది. చనిపోయేటప్పటికి ఆ మనిషి పోలీసుల అదుపులో ఉన్నాడా? ఉంటే ఆ విచారణ నీది కాదు. 2005 సవరణతో కస్టడీ మరణాలు జ్యుడీషియల్ మెజిస్ట్రేట్ చేతికి వెళ్లాయి. మా రోజుల్లో సీఆర్పీసీ 176 అనేవాళ్లం, ఇప్పుడు నాగరిక్ సురక్ష సంహితలో 196. ఆ సెక్షన్ ఇంకోసారి చదువు. ముందురోజు సాయంత్రం ఇంటినుంచి ఎవరైనా తీసుకెళ్లారా, ఏ బండిలో తీసుకెళ్లారు అని ఇంటివాళ్లను అడుగు. ఫైల్లో ఆ ముక్క ఉండదు.

ఇక నా సంగతి. ముప్పై ఏళ్లుగా మీ పెద్దమ్మకు తప్ప ఎవరికీ చెప్పలేదు.

1992 వానాకాలం. అడవి అంచున ఉన్న ఒక మండలంలో ఎమ్మార్వోగా ఉన్నాను. ఊరి పేరు రాయను, ఆ తల్లి ఇంకా బతికే ఉండొచ్చు. రాత్రి పదింటికి గుమ్మం ముందు జీపు ఆగింది. "ఎదురుకాల్పులు జరిగినయి సార్, ఒకడు పోయిండు. ఇన్‌క్వెస్టు మీరే చెయ్యాలె" అన్నారు. శవాన్ని చూసి, చావు ఎలా జరిగిందో రాయడమే ఇన్‌క్వెస్టు. వెళ్లాను. సన్నగా వాన పడుతోంది. చెలక గట్టున జీపు లైట్ల వెలుతురులో ఒక కుర్రవాడు వెల్లకిలా పడి ఉన్నాడు. ఇరవై రెండేళ్లు ఉంటాయేమో. ఛాతీ మీద పెద్ద గాయం. పక్కన ఒక తపంచా, నాటు పిస్తోలు. కాళ్లకు చెప్పుల్లేవు, పాదాలకు బురద కూడా లేదు. అది నేను చూశాను చిన్నీ. చూసి కూడా, వానకు కడుక్కుపోయి ఉంటుందిలే అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను.

స్టేషన్ రైటర్ శవ పంచనామా అప్పటికే రాసి తెచ్చాడు. చక్కటి చేతిరాత. "వెనుక భాగమున గాయములు లేవు" అని ఉంది. శవాన్ని తిప్పించి చూడాలి, అది చట్టం. తిప్పమని ఒక్క మాట అంటే ఇద్దరు కానిస్టేబుళ్లు తిప్పేవాళ్లు. నేను అనలేదు. వాన ఎక్కువవుతోంది, సర్కిల్ ఇన్‌స్పెక్టర్ గారు వాచీ చూసుకుంటున్నాడు. ఆ ఏడు నా బదిలీ ఫైల్ జిల్లా ఆఫీసులో ఉంది, మీ పెద్దమ్మ నెలలు నిండి ఉంది. నిజం చెప్పాలంటే భయం కూడా వేసింది. తర్వాత ఆర్నెల్లకే, 1993 జనవరిలో హైదరాబాద్ ఎల్బీ స్టేడియంలో వ్యాస్ గారంతటి ఐపీఎస్ ఆఫీసర్ని నక్సలైట్లు కాల్చి చంపారు. అలాంటి రోజులవి. ఇటు అడిగినా ముప్పే, అటు అడగకపోయినా ముప్పే అన్నట్టు ఉండేది. జీపు బానెట్ మీద కాగితం పెట్టి సంతకం చేశాను. వానచుక్క పడి నా పేరులో రెండక్షరాలు అలుక్కుపోయాయి. కింద ఊరి పనులు చూసే సుంకర్లిద్దరూ వేలిముద్రలు వేశారు. వాళ్లకు ఎవరూ చదివి వినిపించలేదు.

నాలుగు నెలల తర్వాత ఆర్డీవో విచారణ జరిగింది. ఆ తల్లి వచ్చింది. తెల్లచీర, చేతిలో పేపర్ కటింగ్ ఒకటి. గుమ్మం దగ్గరే నిలబడింది, కూర్చోమని ఎవరమూ అనలేదు. "కొడుక్కి తానం నేనే పోసిన సారూ. ఈపు మీద నా చిటికెనేలు పట్టేంత తూటు రెండున్నయి. ముంగట పెద్దగైంది. ఎదురుంగ నిలవడి కొట్లాడెటోనికి ఈపుల ఎట్ల తాకింది?" అంది. ఆర్డీవో గారు నా వైపు తిరిగి, శవాన్ని తిప్పించి చూశారా అని అడిగారు.

"చూశాం సార్. గాయాల్లేవు" అన్నాను.

ఆమె నన్ను తిట్టలేదు, శాపనార్థాలు పెట్టలేదు. వెళ్లిపోతూ ఆర్డీవో గారికి దండం పెట్టి, నాకూ పెట్టింది. కాల్పులు ఆత్మరక్షణ కోసమేనని రిపోర్టు వెళ్లింది. పోస్టుమార్టంలో డాక్టరు కూడా ఏది తూటా లోపలికి వెళ్లిన గాయమో, ఏది బయటికి వచ్చిన గాయమో రాయలేదు. మా కాగితాలన్నీ ఒకదానికొకటి సరిగ్గా సరిపోయాయి. ఒకదాంట్లోంచి ఒకటి ఎక్కించినవి మరి, సరిపోక ఏం చేస్తాయి? నీ ఫైల్లో కూడా కాగితాలన్నీ అంత అందంగా సరిపోతుంటే, బిడ్డా, అక్కడే ఆగు.

నా రోజుల్లో మానవ హక్కుల కమిషన్ లేదు, అది 1993లో వచ్చింది. మన రాష్ట్రంలో ఎన్‌కౌంటర్లపై పౌరహక్కుల సంఘం వాళ్లు పెట్టిన ఫిర్యాదుల మీదే 1996లో ఆ కమిషన్ ఉత్తర్వు ఇచ్చింది. ఆ మరుసటి ఏడు అవే నియమాలను అన్ని రాష్ట్రాలకూ పంపింది. దేశమంతా పాటించాల్సిన నియమాలు మన శవాల మీదినుంచి పుట్టాయి. అందులో నేను తిప్పించని శవం లాంటివి ఎన్నున్నాయో అని ఇప్పటికీ అనుకుంటాను. 2009 ఫిబ్రవరిలో మన హైకోర్టు ఐదుగురు జడ్జీల ధర్మాసనం ఇంకా సూటిగా చెప్పింది. పోలీసుల చేతిలో మనిషి చస్తే కేసు నమోదు చేయాల్సిందే, ఆత్మరక్షణా కాదా అన్నది తేల్చాల్సింది కోర్టేనని. దానిపై సుప్రీంకోర్టు స్టే ఇచ్చింది. తర్వాత 2014 సెప్టెంబర్ 23న సుప్రీంకోర్టే పదహారు మార్గదర్శకాలు ఇచ్చింది. అవి నీ టేబుల్ మీద ఉండాలి. సమాచారం వచ్చినప్పుడు రాసి పెట్టారా, ఎఫ్ఐఆర్ కోర్టుకు చేరిందా, దర్యాప్తు సీఐడీయో వేరే స్టేషన్ వాళ్లో చేస్తున్నారా లేక కాల్చినవాళ్లే చేసుకుంటున్నారా, తుపాకులు పరీక్షకు అప్పగించారా, ఇంటివాళ్లకు కబురు చేశారా అని ఒక్కొక్కటీ చూడు.

వాటిలో నాకు అన్నిటికంటే ముఖ్యంగా కనిపించేది పోస్టుమార్టం వీడియో. జిల్లా ఆసుపత్రిలో ఇద్దరు డాక్టర్లు చేయాలి, అంతా వీడియో తీయాలి. నువ్వు కూర్చునేటప్పటికి శవం ఉండదు, వీడియో ఉంటుంది. రిపోర్టు చదివి ఊరుకోకు. వీడియో తెప్పించి, తలుపేసుకుని మొదటినుంచి చివరిదాకా చూడు. కడుపులో దేవుతుంది, అయినా చూడు. వీపు చూపించారా లేదా, గాయం అంచులు లోపలికి ఉన్నాయా బయటికి ఉన్నాయా, చుట్టూ చర్మం నల్లబడిందా అని చూడు. నల్లబడితే దగ్గరనుంచి కాల్చినట్టు. ఏభై గజాల దూరంలో ఎదురుకాల్పులని ఫైల్లో రాసి ఉంటే, ఆ డాక్టర్లను పిలిపించి ఎదురుగా కూర్చోబెట్టి అడుగు. ఆర్మరీ రిజిస్టర్లో ఎన్ని రౌండ్లు ఇచ్చారు, ఎన్ని తిరిగొచ్చాయి, ఖాళీ తూటాలు ఎన్ని దొరికాయి అని లెక్కపెట్టు. స్టేషన్ జనరల్ డైరీలో (జీడీ) బయల్దేరిన టైమూ వైర్‌లెస్‌లో మాట్లాడిన టైమూ పక్కపక్కన పెట్టి చూడు. కాల్పులు జరిగిన చోటికి అదే వేళకు వెళ్లు, పగలు వెళితే రాత్రి ఏం కనబడుతుందో తెలియదు.

ఒక సంగతి అడగాలి, కోపం తెచ్చుకోకు. 2019 డిసెంబర్ 6న చటాన్‌పల్లిలో దిశ అత్యాచారం, హత్య కేసు నిందితులు నలుగురిని పోలీసులు కాల్చి చంపినప్పుడు జనం వాళ్ల మీద పూలు చల్లారు, టపాసులు కాల్చారు. నువ్వు అప్పుడు డిగ్రీలో ఉన్నావు. ఆ రోజు నీ వాట్సాప్ స్టేటస్‌లో చప్పట్ల బొమ్మలు పెట్టావు. నేను చూశాను. ఆ అమ్మాయికి జరిగిన ఘోరానికి నీ వయసు ఆడపిల్లలు ఎంత వణికిపోయారో నాకు తెలుసు, అందుకే ఏమీ అనలేదు. అనాల్సింది. తర్వాత సుప్రీంకోర్టు వేసిన సిర్పూర్కర్ కమిషన్ ఆ కాల్పుల కథనాన్ని నమ్మలేదు. పదిమంది పోలీసుల మీద హత్య నేరం కింద విచారణ జరగాలని సిఫార్సు చేసింది. చనిపోయిన నలుగురిలో ముగ్గురు మైనర్లని కూడా చెప్పింది. 2022 మేలో ఆ నివేదిక బయటకొచ్చిన రోజు నీకు ఫోన్ చేద్దామనుకుని మానుకున్నాను. ఇప్పుడు అదే కుర్చీలో కూర్చుంటున్నావు కాబట్టి చెబుతున్నాను. చచ్చిపోయినవాడు ఎలాంటివాడో అందరూ వచ్చి నీకు చెబుతారు. రౌడీషీటరంటారు, దొంగంటారు. రాసుకో. కానీ నిన్ను తేల్చమన్నది అతను ఎలా చచ్చిపోయాడన్నది. 2015 ఏప్రిల్ 7 గుర్తుందా? ఒకే రోజు పోలీసు కాల్పుల్లో శేషాచలం అడవుల్లో ఇరవైమంది ఎర్రచందనం కూలీలు, ఆలేరు దగ్గర ఎస్కార్ట్ వ్యానులో బేడీలతో ఉన్న ఐదుగురు ఖైదీలు పోయారు. ఆ రోజు టీవీ కట్టేసి పెరట్లో కూర్చున్నాను, మీ పెద్దమ్మ అన్నానికి పిలిచినా లేవలేదు.

పోలీసులంటే పగ పెంచుకోమనడం లేదు. నా దగ్గరికి రోజూ సంతకాలకు వచ్చే హెడ్ కానిస్టేబుల్ ఒకాయన మందుపాతరలో పోయాడు. ఆయన బూటొక్కటే దొరికింది. ప్రాణం మీదికి వస్తే కాల్చే హక్కు పోలీసుకూ ఉంది, నాకూ ఉంది. అయితే అవసరానికి మించి హాని చేసే హక్కు ఎవరికీ లేదు. పైవాడు చెప్పాడు కాబట్టి కాల్చాననే జవాబు హత్య కేసులో చెల్లదని సుప్రీంకోర్టు 2011లోనే చెప్పింది. నీ ముందుకు వచ్చే కానిస్టేబుళ్లలో ఒకడు తలొంచుకుని, రాసిచ్చింది అప్పజెబుతుంటాడు. అతన్ని కసరకు. టీ తెప్పించి, మిగతావాళ్లను బయటికి పంపి, మెల్లగా అడుగు. నిజంగా ప్రాణం కాపాడుకోవడానికే కాల్చి ఉంటే, అతన్ని కాపాడేది కూడా నువ్వు సరిగ్గా రాసే రిపోర్టే.

పదిహేను రోజులని ఎవరికీ మాటివ్వకు. ఇచ్చి ఉంటే, గడువు కావాలని కలెక్టర్‌కు రాతపూర్వకంగా రాయి. పైనుంచి ఫోన్లు వస్తాయి. ఏ టైముకు ఎవరు చేశారో డైరీలో రాసి పెట్టుకో. ముందే రాసి తెచ్చిన కాగితం మీద మాత్రం, చిన్నీ, నా మీద ఒట్టు, సంతకం పెట్టకు.

ఆ తల్లో, భార్యో వచ్చినప్పుడు ముందు కుర్చీ వేయించు. మంచినీళ్లిప్పించు. ఆమె భాషను నీ భాషలోకి మార్చకుండా రాయించు. "ఈపు" అంటే "ఈపు" అనే రాయించు. ఒళ్లు కడిగినవాళ్లెవరో కనుక్కుని, వాళ్లకేం కనబడిందో అడుగు.

స్పాట్‌కు వెళ్లే రోజు నాకు ఫోన్ చెయ్యి. కావాలంటే నేనూ వస్తాను, కారులోనే కూర్చుంటాను, దిగను. మీ పెద్దమ్మ సకినాలు చేసి డబ్బాలో పెట్టింది, డ్రైవర్ని పంపితే ఇస్తాను. రాత్రుళ్లు ఫోన్ దిండు పక్కనే ఉంటుంది, ఎంత రాత్రైనా ఎత్తుతాను.

మీ పెదనాన్న